కుండీకి నీళ్లు ఎవరు పోస్తారు?

2022, వానాకాలం. సూర్యాపేటలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి చాలా ఏళ్లే అయింది. పగలంతా మెడలు, నడుములు, మోకాళ్లు. సాయంత్రం మాత్రం క్లినిక్ దాకా రాలేనివాళ్ల ఇళ్లకు నేనే వెళ్తాను. వాళ్లలో పక్షవాతం వచ్చినవాళ్లే ఎక్కువ. ఈ పనిలో నాకు రోగులతో కన్నా వాళ్ల ఇంట్లోవాళ్లతోనే తగువులెక్కువ. నా నోరు అలాంటిది, కాదనను. వాటిలో యాదమ్మ ఇంట్లో పడిన తగువు మాత్రం మరిచిపోలేదు.

యాదమ్మకు అరవై దాటాయి. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మేది. కొత్త జాడీ తెరిచినప్పుడల్లా వేడన్నంలో పచ్చడి కలిపి, వచ్చినవాళ్ల అరచేతిలో తలా ఒక ముద్ద పెట్టి, నచ్చితేనే కొనమనేదట. ఆ కలిపే కుడిచేయే పడిపోయింది. రెండు నెలలకు కాలు కాస్త కుదురుకుని గోడ పట్టుకు నడుస్తోంది కానీ, చేయి మాత్రం ఎవరో ఒడిలో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉండేది. పరీక్షించి చూస్తే వేళ్లు ముడుచుకుంటున్నాయి, బొటనవేలు కదులుతోంది. శక్తి కొంత తిరిగొచ్చింది, వాడకమే లేదు. దీన్ని మేము ‘లెర్న్‌డ్ నాన్‌యూజ్’ అంటాం. వాడని చేతిని మెదడు మెల్లగా పక్కన పెట్టేస్తుందన్నమాట.

వాడే అవసరం ఆమెకు ఎక్కడిది? భర్త సైదులు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. తల దువ్వడం, కుచ్చిళ్లు సర్దడం, చెంచాతో తినిపించడం, అన్నీ ఆయనే. వాడంతా ఆయన్ని మెచ్చుకునేది. నేనూ మెచ్చుకున్నాను, మొదటి వారం.

పిసకడానికి ‘థెరపీ పుట్టీ’ ఇచ్చాను. మెత్తటి రబ్బరు ముద్ద లాంటిది, వేళ్లకు బలం కోసం. యాదమ్మ దాన్ని కిటికీలో పెట్టేసింది.

“గీ బంకముద్ద పిసికితే ఏమొస్తది మేడం? పిల్లగాళ్ల ఆట.”

“చెయ్యొస్తదక్కా. కోదాడల మీ చెల్లె గృహప్రవేశం ఉందన్నవ్ గదా, పోవా?”

“పోను. బంతిల కూసొని మొగనితోని తినిపిచ్చుకుంటనా? ఎడమచేత్తోని తిన్నా నలుగురు సూస్తరు. నా చెల్లె ఇంట్ల నేను తమాషా అయిత.”

సొంత చెల్లెలి కొత్త ఇంటి గడప తొక్కకుండా ఆమెను ఆపుతున్నది కాలు కాదు, విస్తరి. ఆ రోజు నుంచి నా లెక్కలో ఆమె వైద్యానికి ఒకటే గురి: తన అన్నం తాను కలుపుకుని తినడం.

ఇలా ఉండగా ఒక సాయంత్రం వెళ్లేసరికి మంచం చుట్టూ నాలుగు కుండీలు. స్నేక్ ప్లాంటు, మనీ ప్లాంటు, కలబంద, ఇంకేదో పేరు తెలియని ఆకుల మొక్క. గది తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి.

“ఏందన్నా ఇది, నర్సరీ పెట్టినవా?”

“వాట్సాప్‌ల వచ్చింది మేడం,” అన్నాడు సైదులు సంబరంగా. “గివి గాలిని సాఫ్ చేస్తయంట. బీపీ గూడ తగ్గుతదంట.”

“బీపీ గోలీలు బంద్ చేసినవా ఏంది?”

“లే లే, అవి ఏస్తున్న.”

“బతికించినవ్. మరి గాలి సాఫ్ గావాలంటే ముందు కిటికీ తెరువు. మూసిన గదిల నాలుగు మొక్కలు ఏం సాఫ్ చేస్తయ్?”

ఆయన ముఖం చిన్నబోయింది. నేను కిటికీ తెరిచాను. వెలుతురు పడగానే స్నేక్ ప్లాంటు ఆకులు మొదళ్ల దగ్గర పసుపెక్కి మెత్తబడి ఉండడం కనిపించింది. మట్టి ముట్టుకుంటే బురద.

మంచం మీద నుంచి యాదమ్మ అంది: “అది సచ్చిపోతది మేడం. పొద్దుగాల ఓసారి, పొద్దుమీకి ఓసారి నీళ్లు తాపి తాపి సంపుతుండు. దానికి గూడ నా లెక్కనే సేవ జేస్తుండు.”

నేను ఇన్ని రోజులుగా సైదులుతో వాదించి చెప్పలేనిది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. అక్కడికక్కడే హుకుం జారీ చేశాను. ఇక మీదట కుండీలు యాదమ్మవి. సైదులు ముట్టకూడదు. ఆమె కుడిచేతి వేలు మట్టిలో గుచ్చి, లోపల తడి ఉందో లేదో చూసి చెప్పాలి. పండుటాకులు ఆ వేళ్లతోనే గిల్లాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టే ఆ పట్టును ‘పించ్ గ్రిప్’ అంటాం. గుండీ పెట్టుకోవాలన్నా, మెతుకు తీయాలన్నా అదే దిక్కు.

సైదులుకు కోపం వచ్చింది. “అంటే నేను జేసేది తప్పా మేడం? ఇన్నేండ్లు ఆమె నాకు జేసింది. గిప్పుడు నా వంతు. అది గూడ తప్పేనా?”

ఊరుకునే అలవాటు నాకు లేదు. “తప్పు గాదన్నా. గని నీ ప్రేమతోని ఆమె చేతికి పని లేకుంట అయింది,” అన్నాను. ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇప్పుడైతే ఇంకొంచెం మెత్తగా చెప్పేదాన్నేమో. చెప్పేది మాత్రం అదే.

తర్వాతి వారం నేను వెళ్లేసరికి వరండాలో బేసిన్, ఎర్రమట్టి, ఇసుక, పెంట ఎరువు సిద్ధంగా ఉన్నాయి. తెచ్చి పెట్టింది సైదులే. నాతో మాట్లాడలేదు కానీ అక్కడి నుంచి కదలనూ లేదు. స్నేక్ ప్లాంటును కుండీలోంచి తీసి, కుళ్లిన వేర్లు నేను కత్తిరించాను. మిగిలిన మొక్కను యాదమ్మ ఎడమచేతికిచ్చి, వదలొద్దన్నాను. ఇక మట్టి కలపడానికి కుడిచేయి తప్ప మిగిలింది లేదు.

మొదట వేళ్లు మట్టిలో ఊరికే ఆడాయి. “ఇసుక తక్కువైంది, ఇంకింత పొయ్యి,” అంది మొగుడితో. ఆయన పోశాడు. “మస్తైంది. అవ్వో, నువ్వు కూరల ఉప్పేసినా గంతే!” తిడుతూనే అడుగు నుంచి మట్టిని పైకి తెస్తోంది, అంచులకున్నది మధ్యకు లాగుతోంది, గడ్డలు చిదుముతోంది. ఉన్నట్టుండి నాలుగు వేళ్లూ దగ్గరికొచ్చాయి, బొటనవేలు పైనుంచి అదిమింది. అరచేతిలో వంకరటింకర మట్టిముద్ద.

ముగ్గురం దాన్నే చూశాం. యాదమ్మ అంది, “పచ్చడన్నమైతే మంచిగుండేది.”

మట్టి ముద్ద కట్టినంత సులువుగా అన్నం కట్టదు. ఆ తర్వాత వారాల తరబడి మెతుకులు చాప మీదే ఎక్కువ పడ్డాయి. కిటికీలోని పుట్టీ కూడా కిందికి దిగింది, ఎందుకు పిసకాలో ఇప్పుడు ఆమెకు తెలుసు కాబట్టి. మొక్కే నయం చేసిందని నేననను. మందులు ఉన్నాయి, వ్యాయామం ఉంది, కాలం ఉంది. కానీ పొద్దున లేవగానే ఆమెకు వేలు పెట్టి చూడాల్సిన పని ఒకటి ఉండేది. నిద్ర బాగా పడుతోందని, మనసు తేలికగా ఉందని తానే చెప్పేది.

గృహప్రవేశం అయిన మర్నాడు సైదులు క్లినిక్‌కు వచ్చాడు. “కోదాడ పోయొచ్చినం మేడం. సగం అన్నం ఒడిలనే పోసుకుంది.”

“మరి?”

“గని నన్ను పక్కన కూసోనియ్యలే. ‘నువ్వు మొగోళ్ల బంతికి పో’ అన్నది.” ఆయన నవ్వుతున్నాడు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. “ఆఖరి ముద్ద తెచ్చి నా చేతుల పెట్టింది.”

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా, “మేడం, ఆరోగ్యానికి ఏ మొక్క మంచిది?” అని అడిగితే నేను మొక్క పేరు చెప్పను. నీళ్లు ఎవరు పోస్తారని అడుగుతాను. మంచం మీదున్న మనిషే పోస్తానంటే ఏదైనా తెచ్చుకోమంటాను. “మేమే పోస్తం, ఆమెకెందుకు కష్టం” అంటే మాత్రం, ఆ మొక్క నర్సరీలోనే ఉండనీయమంటాను.