అద్దాలక్క, లాంతరు తాత

సిటీ బస్సు నడిపే ఆవిడకి ప్రయాణికులు పెట్టిన పేరు అద్దాలక్క. బస్సు కదిలే ముందు ఎడమద్దం, కుడద్దం, లోపలద్దం, మళ్ళీ ఎడమద్దం చూస్తే గానీ ఆవిడ చెయ్యి గేరు మీదికి పోదు. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా సరే. "ఆలస్యమైతే నన్ను తిట్టుకుంటారు, అంతేగా! ఎక్కాల్సినవాణ్ణి వదిలేసిపోతే వాడి గతేంటి?" అంటుంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు డిపోలో లేరు.

అలాంటి మనిషి వీడియో గేమ్‌లో పడింది. ఆ పాపం తమ్ముడిది.

తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి పెంచింది అద్దాలక్కే. అన్నం పెట్టింది, తల దువ్వింది, అవసరమైనప్పుడు వీపు విమానం మోత మోగించింది. ఇప్పుడు వాడు గుమ్మం తగిలేంత ఎత్తయ్యాడు. మొన్నామధ్య ఆవిడకి జ్వరమొచ్చి సెలవు పెట్టి పడుకుంటే, తోచడం లేదని సణుగుతుంటే, వాడి గేమ్ పెట్టె టీవీకి తగిలించి చేతికి కంట్రోలర్ ఇచ్చాడు. జ్వరం వదిలింది గానీ, గేమ్ తగులుకుంది. పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికి రావడం, కాళ్ళు కడుక్కోవడం, టీవీ ముందు బాసింపట్టు వేసుక్కూర్చోవడం.

గేమ్‌లో ఒక పిల్ల కొండ కడుపులో ఉన్న పాతకోటలోకి దిగుతుంది. గోడల్లోంచి బాణాలొస్తాయి, కాళ్ళకింద నేల కూలిపోతుంది, నీళ్ళలో మొసళ్ళు. బండరాయి దొర్లుకొస్తుంటే అద్దాలక్క కుడికాలు దానంతటదే చాపని తొక్కేది. లేని బ్రేకు కోసం! మలుపు తిరిగినప్పుడల్లా మనిషి మొత్తం పక్కకి ఒరిగిపోయేది. తమ్ముడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. ఆ పిల్ల ఎన్నిసార్లు చచ్చిందో లెక్కలేదు. చావగానే "అయ్యో నా తల్లీ" అనుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

చీకటి సొరంగాల్లో ఆ పిల్లకి తోడొచ్చేది లాంతరు తాత. ముందు నడుస్తూ గోతులు చూపిస్తాడు. అంచు పట్టుకుని వేలాడుతుంటే చెయ్యందించి లాగుతాడు. అద్దాలక్కకి ఆయనంటే ప్రాణం. ఆ మోకాళ్ళతో అన్ని మెట్లు ఎలా ఎక్కుతున్నాడో పాపం, అని పిల్లని ఆగి ఆగి నడిపించేది.

ఇంతలో తమ్ముడికి వేరే ఊళ్ళో శీతల గిడ్డంగిలో మెషీన్లు చూసే ఉద్యోగం వచ్చింది. ఆదివారం ప్రయాణం. గేమ్ పెట్టె కూడా వాడితోనే పోతుంది.

"ఈలోపు పూర్తిచేసి తీరతాను," అంది అద్దాలక్క. వాడు వెళ్ళిపోవడం గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు.

శుక్రవారం చివరి వంతెన దగ్గరికి వచ్చింది. కొండ కూలుతోంది. దుమ్ములో ఏమీ కనపడటం లేదు. చెక్కల వంతెన దాటితే గేమ్ అయిపోయినట్టే. పిల్ల వంతెన ఎక్కింది. అద్దాలక్క అలవాటు కొద్దీ వెనక్కి తిప్పి చూసింది. తాత ఇవతలి ఒడ్డునే నిలబడి ఉన్నాడు. ఆవిడ పిల్లని వెనక్కి పరిగెత్తించింది. వంతెన తెగింది. పిల్ల చచ్చింది.

మళ్ళీ ఆడింది. తాత పక్కనే నిలబడి చూసింది. వెనకనుంచి తోసింది. వస్తాడేమోనని స్తంభం చాటున నక్కింది. ఏం చేసినా చావే.

"అక్కా, ఆయన రాడే. నేను రెండుసార్లు పూర్తిచేశా. పరిగెత్తి దాటెయ్యడమే."

"వెనక్కి చూశావా?"

"కొండ కూలుతుంటే వెనక్కెవడు చూస్తాడు?"

"సిగ్గు లేదట్రా నీకు! అంత చేసిన ముసలాయన్ని వదిలేసి పోతావా?"

ఆ కోపం గేమ్ మీద కాదని ఇద్దరికీ తెలుసు. ఆ పూట ఎవరి కంచం వాళ్ళు పట్టుకుపోయి చెరో మూల కూర్చుని తిన్నారు.

శనివారం డ్యూటీలో కూడా తల నిండా లాంతరు తాతే. ఒక స్టాపులో అందరూ ఎక్కేశారు. అద్దంలో చూస్తే ఒకాయన కిందే నిలబడి తలుపువైపు చూస్తున్నాడు. అద్దాలక్క కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి.

"పోనీ అమ్మాయ్!" అన్నాడు కండక్టరు బాబాయి.

"ఆయనింకా ఎక్కలేదు బాబాయ్."

కండక్టరు తల బయటపెట్టి, "ఏమండీ, ఎక్కుతారా?" అని అరిచాడు.

"నేను రావట్లేదండీ. మా అమ్మాయిని ఎక్కించడానికొచ్చాను. మీరు కదిలితే చూసి వెళ్దామని," అన్నాడాయన మొహమాటంగా.

బస్సంతా నవ్వింది. "ఎక్కించేవాళ్ళ కోసం ఆగితే మనం డిపో చేరినట్టే," అన్నాడు కండక్టరు. ఇన్నేళ్ళ సర్వీసులో అద్దాలక్క అలా పొరబడటం అదే మొదలు. సిగ్గుపడుతూనే గేరు వేసింది. కిందున్నాయన చెయ్యి పైకెత్తాడు, అద్దంలో చుక్కంత అయ్యేదాకా దించలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి మళ్ళీ వంతెన దగ్గరికి వెళ్ళింది. ఈసారి తాత కాళ్ళు ఎప్పుడు కదులుతాయా అని చూడలేదు, చెయ్యి చూసింది. లాంతరు తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు. ఆ వెలుగు వంతెన మీద పడుతోంది. ఏ చెక్క ఉందో, ఏది ఊడిందో తెలుస్తోంది. ఇన్నిసార్లూ ఆయన దారి తప్పి ఆగిపోయాడనుకుంది.

"ఎక్కేవాడు కాదురా ఈయన," అంది మెల్లగా.

తమ్ముడికి అర్థం కాలేదు. ఆవిడ పరిగెత్తించింది. అవతలి ఒడ్డు చేరాక ఒకసారి వెనక్కి తిప్పి చూసింది. దుమ్ములో లాంతరు ఇంకా వెలుగుతోంది. అద్దాలక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, "పెట్టె సర్దుకో. వైర్లు మెలిపెట్టకు, తెగుతాయి," అంది. మనసు తేలికపడింది. ఆ పూట ఇద్దరూ ఆ పిల్ల చావుల గురించి చెప్పుకుని నవ్వుకుంటూ తిన్నారు.

ఆదివారం బస్టాండులో తమ్ముడి సంచులు పైన పెట్టి, గేమ్ పెట్టె వాడి ఒళ్ళో పెట్టి, ఆవిడ దిగి కింద నిలబడింది. అందరూ ఎక్కారు. బస్సు కదల్లేదు. తలుపు తెరిచే ఉంది. కుర్ర డ్రైవరు అద్దంలోంచి ఆవిడనే చూస్తున్నాడు.

"అక్కా, ఎక్కుతున్నారా?"

మంచి డ్రైవరే, అనుకుంది.

"లేదు నాయనా, ఎక్కించడానికొచ్చాను. పోనీ," అని చెయ్యి పైకెత్తింది.

బస్సు కదిలింది. గేటు దగ్గర మలుపు తిరుగుతుండగా కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. కొండ కూలినా వెనక్కి చూడనివాడు, నడుం దాకా బయటికి వంగి వెనక్కే చూస్తున్నాడు.

అద్దాలక్క ఎత్తిన చెయ్యి దించకుండానే గట్టిగా అరిచింది.

"తల లోపల పెట్టుకోరా వెధవా, గేటు తగుల్తుంది!"