జాయ్సీ గారి అండీలు

ప్రతి మంగళవారం తాడేపల్లిగూడెం నుంచి బస్సులో వట్లూరు కాలేజీకి వచ్చే జాయ్సీకి కోపమొస్తే గొంతు పెరగదు, అండీలు పెరుగుతాయి. ఆవిడ ఆక్యుపేషనల్ థెరపిస్టు. చెయ్యి సరిగా ఆడని పిల్లలకు రాసుకోవడం, జడ వేసుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం మళ్లీ నేర్పే మనిషి. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమేగా అనుకుని కాలేజీవాళ్లు ఆవిడ గది తలుపు మీద 'ఉపాధి విభాగం' అని రాయించారు. పిల్లలు రెజ్యూమేలు పట్టుకొస్తారు. వచ్చినప్పుడల్లా ఆవిడ ఆ అక్షరాల మీద తెల్లకాగితం అంటిస్తుంది. మళ్లీ వారానికి ఎవరో పీకేసి ఉంటారు.

ఆ మంగళవారం హర్షిణి ఏడుస్తూ వచ్చింది. స్కూటీ మీంచి పడ్డాక ఆ పిల్లకు బొటనవేలు వంగదు. పెన్ను పట్టు దొరకాలని జాయ్సీయే దానికి స్పాంజి చుట్టి ఇచ్చింది. అందులో కాపీ చీటీ దాచిందని పరీక్ష హాల్లో లెక్చరర్ ఆ స్పాంజిని చీరేశాడు. చీటీ లేదు. పిల్ల సగం పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చేసింది.

జాయ్సీ ఆ స్పాంజి ముక్కలు తీసుకెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పోసింది. "చూడండి సార్, చూశారా అండీ? ఆ పిల్లకు మళ్లీ పరీక్ష పెట్టాలండీ."

"ఇవన్నీ మీకెందుకమ్మా? మీరు ఉద్యోగాల సంగతి చూసుకోండి," అన్నాడాయన.

"అలాగేనండీ. బొటనవేలు తగలకుండా ఒక్క సంతకం పెట్టండి సార్."

ఆయన నవ్వుతూ ప్రయత్నించాడు. పెన్ను జారి బల్ల మీద పడింది. రెండోసారి మెల్లిగా బొటనవేలు ఆనించబోయాడు.

"వేలు తియ్యి," అంది జాయ్సీ.