మడతకు బదులు జిగురు పట్టా

ఎనభైల చివర్లో నన్ను బస్తర్‌లోని ఒక ఇనుప ఖనిజం గనికి, బెల్టుల విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. కొండమీద తవ్విన ఖనిజాన్ని కిందికి దించే పొడవాటి రబ్బరు పట్టీలే ఆ బెల్టులు. తెగినప్పుడు కొసలు రెండూ జిగురుతో అతికించి, వేడిచేసి బిగించాలి. అతుకు తడిస్తే పని మళ్ళీ మొదటికి వస్తుంది, అది అయ్యేదాకా గని ఆగిపోతుంది. బస్తర్ వానల్లో టార్పాలిన్ గాలికి నిలిచేది కాదు.

బండి ఎక్కని కొండవాలుకు మోసుకెళ్ళగలిగే మడత కప్పు చేస్తానని మీటింగులో గొప్పగా ప్రకటించాను. కాగితం నమూనా నా అరచేతిలో ముచ్చటగా ముడుచుకుంది, విచ్చుకుంది. ఆ ధీమాతో అవే గీతల వెంట అల్యూమినియం రేకు మడిచాను. కొన్నిసార్లు తెరిచి మూసేసరికి రేకు మడతల దగ్గర విరిగి నా వేళ్ళు కోసింది.

గని ఆసుపత్రి నర్సు లక్ష్మిది ఆంధ్ర సరిహద్దులోని కోంటా. "ఏంది సారూ, మళ్ళ ఆ రేకేనా? ఇంక దాన్ని ఇడిసిపెట్టున్రి" అంటూ కోసుకున్న వేళ్ళకు జిగురు ప్లాస్టర్లు అంటించింది. వేలు వంచి చూసుకున్నాను. ఎముక వంగడం లేదు, కీలు దగ్గర ప్లాస్టరు వంగుతోంది. రేకును మడవనక్కర్లేదు! ప్లైవుడ్ ముక్కలను సందు వదిలి, ఈ ప్లాస్టరులా ఒకవైపు జిగురున్న పట్టా మీద అతికిస్తే, ఆ సందులే మడతలవుతాయి.

అలాగే కప్పు చేసి, చీఫ్ ఇంజనీరు గారి ఎదుట ప్రదర్శన పెట్టాను. కప్పు అందంగా మూసుకుంది. తెరవబోతే రాలేదు. సందుల్లో బయటపడి ఉన్న జిగురు అంచులు ఒకదానికొకటి పట్టేసుకున్నాయి. బలంగా లాగితే నా చొక్కా చెయ్యి కూడా అంటుకుంది.

"ఏమయ్యా, ఇది కప్పా, అప్పడాల కట్టా?" అన్నారాయన. కత్తెర తెప్పించి చొక్కా కత్తిరించాక గాని నాకు విడుదల దొరకలేదు.

తర్వాత సందుల మీద గుడ్డ పట్టీ అతికించాను. వారం తిరక్కుండానే జోరువానలో బెల్టు తెగింది. కప్పును మోసుకెళ్ళాం.

"సారూ, ఈసారన్నా తెర్సుకుంటదా?" అని అడిగాడు ఫోర్‌మన్ సమ్మయ్య.

"తెరుచుకుంటుంది, లాగు" అన్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని.

తెరుచుకుంది. గాలికి లేవబోతే అందరం అంచుల మీద కూర్చున్నాం. నడుము దాకా తడిశాం గాని అతుకు పొడిగా ముగిసింది. తెల్లారి బెల్టు నడిచింది.

మందమున్న వస్తువు కాగితంలా మడతపడదు. దాన్ని ముక్కలు చేసి, మధ్యలో వంగేదాన్ని పెట్టాలి. అధికారిని పిలిచే ముందు మాత్రం గది తలుపు వేసుకుని, ఒకసారి మూసి తెరిచి చూసుకోవాలి.