బ్యాంకు సారుకు కనవడని నా సకినాల దందా

మొన్న మా ఇంట్ల ఏం జరిగిందో చెప్తే చాయ్ తాగుడు ఆపి నన్నే చూస్తరు మీరు! లోన్ కోసం లేని దందాను ఉన్నట్టు చూపించేటోళ్లుంటరు గదా? నేను ఉన్న దందాను లేనట్టు చూపించిన!

మా ఇంటి ముందటి అర్రల సకినాలు చేసి అమ్ముత, తెల్సు గదా. సిద్దిపేటల పెండ్లిండ్లకు ఆర్డర్లు మస్తుగ వస్తయి. తిప్పలంత పిండి దగ్గరనే. నానవెట్టిన బియ్యం గిర్నికి మోసుకపోతే గాడ లైను. మనకంటె ముందు ఎవలన్న మిరపకాయలు పట్టిచ్చిన్రా, ఇగ మన పిండంత ఘాటే! ఒక లగ్గంల మా సకినాలు తిన్నోళ్లందరికి కండ్లల్ల నీళ్లు. పిల్లను అత్తగారింటికి తోలుతున్నందుకు ఏడుస్తున్నరనుకున్నరట. బతికిపోయిన!

అప్పుడే పట్టు పట్టిన. సొంత గిర్ని పెట్టాలె, బ్యాంకు లోన్ తోనే పెట్టాలె. తిరగంగ తిరగంగ ఒకరోజు ఫీల్డాఫీసర్ సారు ఫోన్ చేసిండు. "అమ్మా, రేపు పొద్దుగాల మీ యూనిట్ చూడనీకి వస్త."

యూనిట్ అంట! నా అర్రకు అంత పెద్ద పేరు పెట్టినంక ఊకుంటనా? పొయ్యి, మూకుడు, నూనె డబ్బాలు అన్ని పక్కింట్ల దాచిన. సకినాలు చుట్టే రాజవ్వకు, ఆమె తోటోళ్లకు సెలవిచ్చిన. పిండి చేతులతోని సారు ముంగట ఏం బాగుంటరు? అర్ర కడిగి, ముగ్గేసి, పక్కింటోళ్ల సోఫా తెచ్చి ఏసిన. నేనేమో పట్టుచీర! మా అత్తమ్మను గేటుకాడ నిలవెట్టి చెప్పిన, "ఎవలన్న సకినాలకొస్తే ఇయ్యాల బంద్ అను." పిల్లను చూడవచ్చేటోళ్లకు గూడ గంత చెయ్యం.

సారు వచ్చిండు. హెల్మెట్ తీసి సోఫాల కూసున్నడు. అటు చూసిండు, ఇటు చూసిండు.

"యూనిట్ ఏడున్నదమ్మా?"

"గిదే సార్!"

"గిది హాలు గదా! పొయ్యేది? పనోళ్లేరి? సరుకేది?"

"అన్నీ ఉన్నయి సార్. మీరొస్తున్నరని తీసేసిన!"

గప్పుడే గేటుకాడ ఎవరో అడిగిన్రు, "సకినాలున్నయా అవ్వా?" మా అత్తమ్మ వాడంత ఇనవడేటట్టు చెప్పింది, "లేవు! బంద్!"

నేను పట్టుచీర ఎత్తి పట్టుకొని ఉరికిన. "ఆగున్రి! ఉన్నయి! ఉన్నయి!" అని ఒర్రిన. ఏడ ఆగుతరు, ఆటో ఎక్కి పోయిన్రు. సరే, సామానన్న చూపిద్దామని పక్కింట్లకెల్లి మూకుడు మోసుకొచ్చేసరికి సారు హెల్మెట్ పెట్టుకుంటుండు.

"పది నిమిషాలు ఆగున్రి సార్, పొయ్యి ముట్టిస్త."

"ఉన్నది ఉన్నట్టు చూద్దామని వస్తే మాయం చేసినవ్ గదమ్మా! మళ్ల వస్త. గని ఈసారి చెప్పకుంట వస్త."

ఏడుపొచ్చింది, నిజం చెప్తున్న. గని గిర్నిని ఇడిసేది లేదనుకున్న. తెల్లారి నుంచి అర్ర నిండ పొయ్యి, మూకుడు, పనోళ్లు. అత్తమ్మను గేటు దిక్కే పోనియ్యలే.

మొన్న ఒకాయన వచ్చిండు. నెత్తికి హెల్మెట్, భుజానికి బ్యాగు. పాత సారు కాదు. బ్యాంకోళ్లు ఈసారి వేరేటాయనను తోలినట్టున్నరనుకున్న. నోరు తెరవనిస్తే గద! కుర్చీ ఏసి, ప్లేటు నిండ వేడి వేడి సకినాలు పెట్టి షురూ చేసిన.

"చూడున్రి సార్, పొయ్యి చూడున్రి, పనోళ్లను చూడున్రి! పొద్దుగాల మొదలైతే దీపాలు పెట్టేదాక నడుస్తనే ఉంటది."

"మంచిగున్నయమ్మా," అన్నడు నములుకుంట. "ఎన్నేండ్ల సంది నడుస్తున్నది?"

"ఏండ్ల సంది సార్! ఇగ గిర్ని గూడ గీ మూలకే పెడ్త. ఫోటో తీస్కోన్రి!"

తీసుకున్నడు పాపం. ప్లేటు ఖాళీ చేసి, చేతులు తుడుసుకొని, బ్యాగులకెల్లి చిన్న మిషన్ తీసిండు.

"నేను కరెంటు మీటరు చూడవచ్చినమ్మా. ఇన్నేండ్ల సంది గీ దందంత ఇంటి మీటరు మీదనే నడుస్తున్నదా?"

రాజవ్వ చేతుల సకినం అట్లనే ఆగిపోయింది. మా అత్తమ్మ నెత్తి పట్టుకున్నది. "చూపియ్యాల్సినాయనకు దాచినవ్, దాచాల్సినాయనకు చూపిచ్చినవ్! నీకు గిర్ని గూడనా?"

ఇగ మాకు కమర్షియల్ మీటరు పెడ్తరట. పెట్టనియ్యున్రి! బిల్లు చేతికి రాంగనే సీదా బ్యాంకుకు పోత. దందా ఉన్నదని కరెంటోళ్లే రాసిచ్చినంక సారు ఎట్ల కాదంటడో చూస్త. సాక్ష్యం కోసం నెల నెల డబల్ బిల్లు కట్టేదాన్ని సిద్దిపేట మొత్తంల నేనొక్కదాన్నే ఉన్ననేమో!