పలక మీద అల్లుడు

మా వరండా గోడకు ఆనించి నడుమెత్తు పలక ఒకటి ఉంటుంది. నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీలో అంచు విరిగిందని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాను. మా వీధి కార్డుల లీగు ర్యాంకులు దాని మీదే రాస్తాను. సుద్దముక్క ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది.

ఈ కార్డులు పేకముక్కలు కావు. ఆ సంగతి మా ఆవిడను నమ్మించడానికే ఒక వేసవి పట్టింది. ఒక్కో కార్డు మీద ఒక జంతువో వీరుడో ఉంటాడు, పక్కన వాడి బలం ఎంతో అంకె ఉంటుంది. ప్యాకెట్లు కొనుక్కుని, ఒకరితో ఒకరు మార్చుకుని, ఎవరి కట్ట వాళ్ళు తయారుచేసుకోవాలి. ఆడేవాళ్ళకూ కొంత బలం ఉంటుంది, కార్డుల దెబ్బకు అది ముందు సున్నా అయినవాడు ఓడినట్టు. ఆటను కాలేజీ నుంచి తెచ్చింది మా చిన్నమ్మాయి. పట్టుకుని వదలనిది మాత్రం మా వీధి పెద్దమనుషులం.

ర్యాంకుల లెక్క నాది. నాకు ఎవరూ నేర్పలేదు. చదరంగం వాళ్ళ పద్ధతిని ఫోనులో చూసి, అర్థమైనంత వరకు మనకు సరిపడా కత్తిరించుకున్నాను. అందరూ వెయ్యితో మొదలుపెట్టాలి. సమానులు ఆడితే గెలిచినవాడికి ఇరవై పెరుగుతుంది, ఓడినవాడికి ఇరవై తరుగుతుంది. తనకన్నా పైవాణ్ణి ఓడిస్తే ఎక్కువ వస్తుంది, కిందివాణ్ణి ఓడిస్తే తక్కువ. కొత్తగా చేరినవాడికి మొదటి పది ఆటల్లో పెరుగుదలైనా తరుగుదలైనా రెట్టింపు. వాడి అసలు చోటు తొందరగా తెలియాలని ఆ నిబంధన పెట్టాను. చాలా ఆలోచించి పెట్టాను.

ఆలోచించనిది ఒకటే, కొత్త అల్లుడు.

పెద్దమ్మాయి పెళ్ళయ్యాక గిద్దలూరు నుంచి అల్లుడు నాలుగు రోజులు ఉండేట్టు వచ్చాడు. పొద్దుపోక లీగులో చేరాడు. మా ఇంటి అల్లుడంటే మా వీధికంతా అల్లుడే. ఎవరు ఓడిస్తారు? పక్కింటి రిటైర్డు మాస్టారు చేతిలో బలమైన కార్డు పెట్టుకుని కూడా "ఏమీ రాలేదు అల్లుడూ" అని నిట్టూర్చారు. టైర్ల కొట్టాయన తన వంతు వచ్చినప్పుడల్లా మంచినీళ్ళు తాగి వంతు వదిలేశాడు. నేనూ ఓడిపోయాను, అదీ మర్యాదగా. తొమ్మిది ఆటలు, తొమ్మిది గెలుపులు, అన్నీ రెట్టింపు. అల్లుడు 1268తో పలక మీద మొదటికి ఎక్కాడు. రెండేళ్ళుగా ఆ చోట ఉన్న చిన్నమ్మాయి 1214తో రెండోదయింది.

ఇదే మామూలు రోజుల్లో అయితే నవ్వుకునేవాళ్ళం. కానీ ఒంగోలులో పోటీలు పెడుతున్నారు. ఒక్కో లీగు నుంచి మొదటి ర్యాంకు ఒక్కరికే పిలుపు. మర్నాడు ఉదయం నేను పేరు పంపాలి.

"నాయనా, నీ లెక్క తప్పు," అంది చిన్నమ్మాయి.

"లెక్క తప్పు కాదమ్మా. ఆడినోళ్ళు తప్పు."

"ఆడినోళ్ళలో నువ్వూ ఉండావు గదా."

నేను పలక వైపు తిరిగాను. బావను తనే ఆడి ఓడిస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చిన అల్లుణ్ణి ఓడగొట్టి పంపిస్తే గిద్దలూరులో ఏమనుకుంటారు?" అని వంటింట్లోంచే తీర్పు చెప్పింది.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. చిన్నమ్మాయి గెలిస్తే తనకు 23 పెరుగుతాయి. అల్లుడికి అది పదో ఆట అయితే రెట్టింపు, 46 పోతాయి. తను 1237, అతను 1222. చాలు. అదే పదకొండో ఆట అయితే అతనికి రెట్టింపు పోదు, 1245కి పైనే నిలుస్తాడు, తను రెండో చోటులోనే ఉండిపోతుంది. అంటే పదో ఆట తనే ఆడాలి. ఆ సాయంత్రం పదో ఆటకు అప్పటికే కుర్చీలో కూర్చుని కార్డులు కలుపుతున్నది మా ఎదురింటి కాంపౌండరు. ఓడిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆయన్ని వరండా చివరికి పిలిచి అంకెలు చెప్పాను. ఆయన పలక వంక చూసి, నా వంక చూసి, తిరిగి వెళ్ళి అల్లుడితో అన్నాడు:

"అల్లుడూ, నాకు నడుము పట్టేసింది. నా బదులు నీ మరదలు కూచుంటాది."

వంటింట్లోంచి మా ఆవిడ బయటికి వచ్చింది. ఆయన చేయి ఊపాడు. "నువ్వు ఊరుకోమ్మా. నేను ఓడగొడితే మర్యాద తప్పినట్టు. మరదలు ఓడగొడితే వేళాకోళం. దానికి ఎవరూ ఏమీ అనుకోరు."

మా ఆవిడ కాసేపు ఆలోచించింది. అందులో ఆమెకు తప్పు దొరకలేదు.

మూడోసారి వంతు వచ్చేసరికే అల్లుడి బలం సగమైంది. అతను కార్డుల మీంచి తల ఎత్తాడు.

"ఏంది, ఇట్ల గూడా ఆడొచ్చా?"

"ఆడొచ్చు బావా. ఇట్లనే ఆడాల."

"మరి వీళ్ళెవరూ ఇట్ల ఆడలేదే."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. టైర్ల కొట్టాయన మంచినీళ్ళ కోసం లేచాడు. గుమ్మంలో పెద్దమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు అటు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"రెండో రోజే తెలిసింది. మీరు సంబరంగా ఉండారని ఊరకున్నా."

అప్పుడు అతను కుర్చీ ముందుకు జరుపుకుని నిజంగా ఆడడం మొదలుపెట్టాడు. పైగా మంచి కార్డు పడింది. చూస్తూ ఉండగానే చిన్నమ్మాయి బలం మూడుకు వచ్చింది. జేబులో నా పిడికిట్లో సుద్దముక్క విరిగింది. తను కట్టలోంచి ఒక కార్డు తీసింది, చూసింది, బల్ల మీద పెట్టింది.

"అయిపోయింది బావా."

అల్లుడు ఆ కార్డు తీసుకుని రెండు వైపులా చూసి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విన్నాకే మా ఆవిడ టీ పెట్టడానికి వెళ్ళింది. నేను తడిగుడ్డతో రెండు అంకెలు తుడిచి 1237, 1222 రాశాను.

చిన్నమ్మాయి ఒంగోలు వెళ్ళి నడిమి వరసలో ఎక్కడో నిలిచి వచ్చింది. "అక్కడ ఒక్కరు గూడా నడుము పట్టేసిందని లేవలేదు నాయనా," అని సంతోషంగా చెప్పింది.

అల్లుడు ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ముందే హెచ్చరిస్తాడు: "మామా, నీళ్ళు తాగేది ఉంటే ఇప్పుడే తాగి రండి." మా వాళ్ళు అతన్ని ఓడించడానికి మొదట మొహమాటపడ్డారు, తర్వాత మరీ ఉత్సాహపడ్డారు. ఇప్పుడతను ఏడో ర్యాంకు. రాగానే పలక దగ్గరికి వెళ్ళి తన అంకె చూసుకుంటాడు.

మా ఆవిడ మాత్రం వియ్యంకులు గిద్దలూరులో బస్సెక్కారని ఫోను రాగానే ఒక పెద్ద తువ్వాలు తడిపి ఆ పలక మీద ఆరేస్తుంది.