తనంతట తానే తిరిగే మోటారు

మా ఎదురు ఫ్లాటు ఇంజనీరు పోయాడని సోమవారం పొద్దున నా కూతురు చెప్పింది. గుండెపోటట. సొంత కొడుకు పోయినట్టు ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది. అది కూడా మీకు చెప్పాలి. నాకు అక్షరం రాదు, నేను చెప్తుంటే కూతురు రాస్తోంది.

ఇక్కడ సింగపూర్ సైన్స్ పార్కులో అతని ఉద్యోగం. ఘనా దేశంలో కూరగాయలు పండించేవాళ్లకు కరెంటు మోటార్లు తయారుచేసేవాడు. మేముండే ఆంగ్ మో కియో పేటలో ఇంతమంది చదువుకున్నవాళ్లుండగా నా దగ్గరకే వచ్చి కూర్చునేవాడు. టీలో రెండు బిస్కెట్లు ముంచుకు తిని, మూడోది జేబులో వేసుకునేవాడు.

"పెద్దమ్మా, మోటారొచ్చాక మీ పాలమూరులో పంట పెరిగిందా?"

"పెరిగింది బిడ్డా. ఒక్క పంట తీసేకాడ రెండు తీసినం. గని ఆటో స్టార్టర్ పెట్టినం సూడు, ఆడనే మునిగినం. కరెంటు రాంగనే దానంతటదే తిరుగుడు. ఆపేటోడు ఉండడు, నీళ్లు ఒడ్లు దాటి పారుడు. మూడేండ్లకు బోరు ఎండింది. నీ మోటారుకు మాత్రం మనిషి చెయ్యి పడాలె."

"ఆటో పెట్టను, మీ మీదొట్టు. మా ఆఫీసుకి అసలు బాసు మీరే కదా!"

"బాసునైతే నా మాట ఇను మరి."

విన్నాడనుకున్నాను. ఒకరోజు కారిడార్‌లో నా మిరప కుండీలకు చిన్న మోటారు బిగించాడు. పొద్దున్నే దానంతటదే నీళ్లు పోస్తుంది. "మీ మోకాళ్ల కోసం పెద్దమ్మా" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

పదకొండో రోజున అతని భార్య ఫోన్ తెచ్చి చూపించింది. ఘనా నుంచి ఒక రైతమ్మ అతనికి వీడియో పంపింది. మనిషి పోయాడని ఆమెకు తెలియదు. నా మనవరాలు విని చెప్పింది:

"అమ్మమ్మా, ఫస్ట్ ఇయర్ టమాటా సూపరట. ఇప్పుడు బావి ఎంప్టీ. పంప్ ఆటో కదా, నైట్ అంతా తోడేస్తోందట. అంకుల్‌ని హెల్ప్ అడుగుతోంది."

నేను అతని భార్య వైపు చూశాను. ఆ పిల్ల తల దించుకుంది. "ఆటో లేకపోతే ఎవరూ కొనరని కంపెనీలో పట్టుబట్టారు పెద్దమ్మగారూ. మీకు చెప్పలేకపోయారు."

చెప్పలేకపోయాడా? ఏళ్ల తరబడి నా టీలో బిస్కెట్లు ముంచాడే! నా పొలం ఎండిన కథంతా విని, అదే కరువును ఇంకో ఆడదాని పొలానికి పంపాడు.

"ఆ ఆటో పెట్టె తీసెయ్యమను. చేత్తో వేసి, చేత్తో ఆపమను" అని మనవరాలితో ఆ రైతమ్మకు అప్పటికప్పుడే ఫోన్‌లో చెప్పించాను.

మర్నాడు పొద్దున కారిడార్‌లో నా మోటారు గుర్రుమంది. మిరప కుండీలో మట్టి ముద్దయింది, ఆకులు పసుపెక్కాయి. ప్లగ్గు మీద చెయ్యి వేశాను. అతను నా కోసం బిగించిన మోటారు, పీకబుద్ధి కాలేదు.

నీళ్లు కుండీ కింది పళ్లెం నిండి అతని గుమ్మం దాకా పారాయి. నా చెయ్యి ప్లగ్గు మీదే ఉంది.