గ్యాలరీలో ముప్ఫై నాలుగు

వాతావరణం మారడం వల్ల దేశానికి ఏమవుతుందో లెక్కగట్టి ప్రభుత్వ శాస్త్రవేత్తలు రాసిన నివేదికను ఫోన్‌లో చదివాను. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. పట్టికలు మాత్రం అర్థమవుతాయి. గోడల చదరపు అడుగులు, సిమెంటు సంచులు లెక్కవేసి మేస్త్రీలకు రాసివ్వడమే నా పని. అదీ బడిలో నేర్చింది కాదు.

అందులో నాకు నచ్చింది వేడిని కొలిచే పద్ధతి. ఎండ తగలకూడదు, గాలి ఆడాలి, మనిషి ఎత్తులో ఉండాలి. నేనూ ఒక థర్మామీటరు కొని కామాటిపురలో మేముండే చాల్‌లో, వరుస గదుల ముందు సాగే గ్యాలరీలో నీడన కట్టాను. రోజుకు మూడుసార్లు చూసి నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి.

మా అక్క మాలా మీద ఉండేది. గదిలో సగం ఎత్తున చెక్కలు పరిచి కట్టిన అటకను మేం మాలా అంటాం. కూర్చుంటే నెత్తికి జానెడు దూరంలో రేకులు. బావ పోయాక మా దగ్గరికి వచ్చి, పగలంతా అక్కడే చొక్కాలకు కాజాలు కుట్టేది. ఆ ఎండాకాలం నన్ను ఒక్కటే అడిగింది: పగటిపూట కింద కిటికీ పక్కన చోటివ్వమని. అక్కడ నా బల్ల ఉంది. నోట్‌బుక్ తెరిచి చూపించాను. పోయిన వారం కంటే ఒక డిగ్రీ తక్కువే.

"తమ్మీ, నీ మీటరు బయట గాలికి కూసున్నది. దాన్ని ఒక్కపారి మీదికి తే."

"సర్కారు గిట్లనే కొలుస్తదక్కా. నీడల, గాలి తగిలే జాగల."

"అయితే సర్కారునొచ్చి మాలా మీద పండుమను," అని నవ్వి నిచ్చెన ఎక్కింది.

నేను థర్మామీటరు కదపలేదు. మధ్యలో చోటు మారిస్తే అంకెలు పోల్చడానికి పనికిరావు.

మే నెలలో ఒక మధ్యాహ్నం నా భార్య టీకి పిలిస్తే అక్క పలకలేదు. ఒళ్లో చొక్కా, సూదిలో దారం అలాగే ఉన్నాయి. టాక్సీలో ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. డాక్టరు వయసు అడిగాడు, బీపీ ఉందా అన్నాడు. తరువాత, ఇంట్లో వేడి ఎలా ఉందని మరాఠీలో అడిగాడు.

"ముప్ఫై నాలుగు," అన్నాను.

అంత కచ్చితంగా చెప్పేవాళ్లు ఆయనకు ఎక్కువమంది తగిలి ఉండరు. నా అంకె రాసుకున్నాడు. దాని కింద, గుండె ఆగి మరణం అని రాశాడు.

మూడో రోజు అదే వేళకు థర్మామీటరు విప్పి మాలా ఎక్కాను. పావుగంట కూర్చున్నాను. చెమటకు చొక్కా వీపుకు అంటుకుంది. నలభై ఒకటి.

నోట్‌బుక్ పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. కౌంటరు దగ్గర గుమాస్తా రెండు అంకెలూ చూసి రిజిస్టరు తిప్పాడు. మరణ కాగితం అప్పటికే వార్డు ఆఫీసుకు పోయిందన్నాడు. ముప్ఫై నాలుగు అని చెప్పింది తమ్ముడేనని ఇక్కడ రాసి ఉంది, ఆ తమ్ముడు మీరే కదా అన్నాడు. అవునన్నాను.

వేడికి పోయినవాళ్లను ప్రభుత్వం లెక్కించేది అలాంటి కాగితాల నుంచే. తరువాతి నివేదికలో మా అక్క ఉండదు. థర్మామీటరు ఇప్పుడు మాలా మీద కట్టి ఉంది. అక్కడ ఎవరూ కూర్చోరు.